స్కాట్లండాయన సగం వాక్యం

అప్పట్లో నాకు తెలిసిన తెల్లవాళ్ళు రెండే రకాలు: అమెరికావాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు. కరీంనగర్‌లో మా తాతయ్య లోకాన్ని అలాగే పంచిపెట్టాడు. నేను ఇంజనీరింగ్ చదివి, అమెరికా వచ్చి ఎమ్మెస్ కూడా చేసి, ఆ పంపకాన్ని ఒక్కసారైనా తిరిగి చూసుకోలేదు. నన్ను ఎవరైనా "ఆంధ్రానా?" అని అడిగితే మాత్రం మూతి మూరెడు పొడుగయ్యేది. ఎదుటివాళ్ళకీ మూతి ఉంటుందని, అదీ అలాగే పొడుగవుతుందని నాకు తోచనే లేదు.

సియాటిల్ పక్కన బాతెల్‌లో నా మొదటి ఉద్యోగం. మా టీమ్‌లో సముద్రం అవతలి నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరుండేవారు. ఒకాయన మా మేనేజర్, స్కాట్లండ్ మనిషి. ఆయన డెస్క్ మీద పెళ్ళి ఫోటో ఉండేది. అందులో మోకాళ్ళదాకా గళ్ళ గుడ్డ చుట్టుకుని, పొడుగు మేజోళ్ళు తొడుక్కుని, మహా గంభీరంగా నిలబడి ఉంటాడు. చేరిన మొదటి వారమే నేను చనువుగా, "మా తాతయ్యకి కూడా ఇలాంటి లుంగీలు నాలుగున్నాయి, కాకపోతే ఆయన ఇంట్లోనే కట్టుకుంటాడు" అన్నాను (పొగడ్తే అనుకున్నాను మరి). ఆ రోజు నుంచి నేనూ నా రూమ్మేటూ ఆయన్ని గళ్ళాయన అనేవాళ్ళం. రెండో ఆయన టెస్టింగ్ చూసే ఇంగ్లండ్ మనిషి. ఎప్పుడు చూసినా కాఫీ మెషీన్ పక్కన నిలబడి, ఇక్కడి నీళ్ళకి టీ రంగు పట్టదని బాధపడుతుండేవాడు. అందుకని ఆయన టీ మాస్టరు.

వీళ్ళిద్దరి తగువు ఆఫీసుకి పెద్ద కాలక్షేపం. రెండు దేశాల మధ్య రగ్బీ మ్యాచ్ జరిగితే, ఓడిన దేశం మనిషి నెలరోజులు గెలిచిన దేశం మనిషికి టీ కలిపి ఇవ్వాలి. "మీ దేశంలో మగాళ్ళు పావడాలు కట్టుకుని తిరుగుతారు, మాకు మీతో పోటీ ఏంటి?" అని టీ మాస్టరు మొదలుపెడితే, "మీరు కూరలో ఉప్పు వేయడం నేర్చుకున్నాక మాట్లాడండి" అని గళ్ళాయన అందుకునేవాడు. ఇంత తిట్టుకుని, పన్నెండున్నర కాగానే ఇద్దరూ ఒకే కారులో లంచ్‌కి పోయేవాళ్ళు. నాకది పెద్ద వింత. ఇంతకీ వీళ్ళు శత్రువులా, అన్నదమ్ములా? ఒక చిన్న దీవిలో పక్కపక్కనే పుట్టి, ఇంత దూరం వచ్చి, ఎవరూ అడగని సరిహద్దుని ఇంత శ్రద్ధగా కాపలా కాయడం ఎందుకు? (ఈ ప్రశ్న అడుగుతున్నది ఎవరో గమనించండి. కోనసీమ నుంచి వచ్చిన మా రూమ్మేటు సొరకాయని ఆనపకాయ అంటే ఆ పూట వంట చేయనన్న మనిషిని.)

గళ్ళాయన యాభయ్యో పుట్టినరోజు వచ్చింది. కేకు తెచ్చే పని టీమ్‌లో అందరికంటే చిన్నదాన్నని నా మీద పడింది. కేకు మీద ఏం రాయించాలో, ఏ జెండా గుచ్చాలో టీ మాస్టరుని అడిగాను. ఆయన టీ కప్పు పక్కన పెట్టి, చాలా సేపు ఆలోచించినట్టు మొహం పెట్టి, "తెల్ల జెండా మీద ఎర్ర శిలువ ఉంటుంది చూడు, అదంటే ఆయనకి ప్రాణం" అన్నాడు. మేనేజర్ మీద అతని స్నేహితుడికి ఎంత ప్రేమో అని నేను కరిగిపోయాను. ఆ జెండాలు డజను కొన్నాను (అది ఇంగ్లండ్ జెండా అని నాకేం తెలుసు). కేకు మీద "మా ఇంగ్లీషు పెద్దమనిషికి శుభాకాంక్షలు" అని ఇంగ్లీషులో నీలం క్రీముతో రాయించాను.

పెట్టె మూత తీశాను. గళ్ళాయన మొహం మెడ దగ్గర నుంచి ఎర్రబడటం మొదలై నెత్తి దాకా వెళ్ళింది. టీ మాస్టరు కుర్చీ పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ ఒకటే ఫోటోలు. గళ్ళాయన కత్తి తీసుకుని, సరిగ్గా 'ఇంగ్లీషు' అన్న మాట ఉన్న ముక్క కోసి, టీ మాస్టరు ప్లేట్లో పెట్టి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మామూలు రోజుల్లో అయితే ఇది నవ్వుకునే సంగతే. కానీ అది శుక్రవారం. నా హెచ్‌వన్ వీసాకి కంపెనీ అప్లై చేయాలంటే మేనేజర్ ఓకే అని సోమవారం మధ్యాహ్నంలోపు హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాలి. పెట్టకపోతే ఈ ఏటికి అంతే, ఆ తరవాత నేను ఈ దేశంలో ఉంటానో ఉండనో కూడా తెలియదు. నెల రోజుల నుంచి అడుగుదాం అడుగుదాం అని వాయిదా వేసుకుంటూ వచ్చి, చివరికి ఆయన దేశాన్ని మార్చేసిన రోజే అడగాల్సి వచ్చింది.

సాయంత్రం ఆయన బ్యాగు భుజాన వేసుకుంటుంటే ఎదురెళ్ళాను. "నా వీసాకి మీ ఓకే కావాలి. సోమవారంలోపు హెచ్ఆర్‌కి మెయిల్ పెడతారా?" అని ఒక్క ఊపిరిలో అడిగాను.

ఆయన నా వైపు చూసి, "ఐ" అన్నాడు.

ఐ అంటే నేను. నేను ఏంటి? పెడతానా, పెట్టనా, ఆలోచిస్తానా? మిగతా వాక్యం కోసం నిలబడ్డాను, ధైర్యం చెబుతున్నట్టు చిన్నగా నవ్వుతూ. ఆయనా నా వైపే చూస్తూ నిలబడ్డాడు, నేనింకా ఏదో అడుగుతానేమో అన్నట్టు. కాసేపయ్యాక మళ్ళీ "ఐ, ఐ" అని, జేబులో కారు తాళాలు తడుముకుని వెళ్ళిపోయాడు. ఆయన యాస నాకు అప్పటికీ సగమే అర్థమయ్యేది, మిగతా సగానికి నవ్వేదాన్ని. మీటింగుల్లో కూడా ఇలా 'ఐ' అని మొదలుపెట్టి వదిలేస్తుంటే, పెద్దమనిషి కదా, మాట మధ్యలో ఆలోచనలో పడతాడు కాబోలు అనుకునేదాన్ని. ఇప్పుడు మాత్రం సందేహం లేదు. కాదని మొహం మీద చెప్పలేక, నేను, నేను అని తడబడ్డాడు.

శనివారం మంచం దిగలేదు. ఆదివారం సూట్‌కేసు బయటికి లాగి, ఏ బట్టలు పట్టుకుపోవాలో, ఏవి ఇక్కడ ఇచ్చేయాలో విడదీస్తూ కూర్చున్నాను. వంటింట్లోంచి రూమ్మేటు గరిటెతో సహా వచ్చింది.

"ఒసేయ్, సర్దుడు తరవాత. అసలాయన ఏవన్నాడో సరిగ్గా చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలె? 'ఐ' అన్నడు. 'ఐ, ఐ' అనుకుంట పోయిండు."

"అలా కాదు. ఆయన ఎలా అన్నాడో అలాగే అను."

గడ్డం కిందికి దించి, గొంతు బొంగురు చేసి అన్నాను. "ఆయ్."

అది గరిటె ఎత్తిన చెయ్యి అలాగే పెట్టి, "ఇంకోసారి అను" అంది.

"ఆయ్."

"నీ తెలివి తెల్లారినట్టే ఉందే! ఆయ్ అన్నాడే ఆయన! అవునన్నాడు! మా మావయ్య ఫోనెత్తితే రోజుకి వందసార్లు అనే మాటే కదా. వస్తానండీ ఆయ్, ఉంటానండీ ఆయ్. ఆయన స్కాట్లండూ కాదు, ఇంగ్లండూ కాదు, మా కోనసీమ మనిషి!"

"ఊకో. దొరికినోళ్ళందరిని మీ జిల్లాల కలుపుకోకు."

"కలుపుకుంటా. రెండేళ్ళ నుంచీ నా ఆయ్‌ని వెక్కిరించావుగా, అనుభవించు."

ఫోన్‌లో వెతికాం. స్కాట్లండ్‌లో అవును అనడానికి అలాగే అంటారట. అయినా నాకు నమ్మకం కుదరలేదు. సోమవారం అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్ళి ఆయన తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన మెయిల్ శుక్రవారమే పార్కింగ్‌లో కారెక్కుతూ పెట్టేశాడట. అందులో నా గురించి రాసిన రెండు మంచి వాక్యాలు కూడా చూపించాడు. వాటినైతే పూర్తిగానే రాశాడు. కేకు గురించి క్షమాపణ చెప్పబోతే చెయ్యి ఊపేసి, "నీ మీద కోపం కాదమ్మాయ్. వాడు దీన్ని ఇంకో పదేళ్ళు చెప్పుకుంటాడని" అన్నాడు.

అప్పుడు ఉండబట్టలేక 'ఆయ్' కథ చెప్పేశాను. ఆయన నవ్వలేదు. లేచి, తలుపు బార్లా తీసి, టీ మాస్టరుని కేకేసి పిలిచాడు. "విను. ఇండియాలో ఒక నది ఒడ్డున లక్షలమంది ఆయ్ అంటారట. మీకెవరున్నారు?"

టీ మాస్టరు ఏమాత్రం తగ్గకుండా నన్నడిగాడు. "వాళ్ళు టీ తాగుతారా?"

"తాగుతారు. పాలు పోసుకుని."

"అయితే వాళ్ళు మావాళ్ళే" అని వెళ్ళిపోయాడు.

గళ్ళాయనకి అంతటితో కుతూహలం తీరలేదు. "మీ ఇద్దరూ ఒకే భాష మాట్లాడతారు, రెండు రాష్ట్రాలు అంటున్నావు. మరి మీలో స్కాట్లండ్ ఎవరు?" అన్నాడు. ఇంటికెళ్ళి రూమ్మేటుకి చెప్పాను. మేమేనని నేను, ఆయ్ అనేది మేమైతే మీరెలా అవుతారని అది. ఆ పూట వంట చేయకుండా ఇద్దరం పిజ్జా తిన్నాం. ఇంగ్లండ్ అవడానికి మాత్రం ఇద్దరిలో ఎవరమూ ఒప్పుకోలేదు.

తరవాత ఆ రూమ్మేటు మావయ్య కొడుకునే చేసుకున్నాను. పెళ్ళికి ఒప్పుకుంటావా అని అతను అడిగినప్పుడు నేను ఆయ్ అన్నానని ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటాడు. (అన్నాను. ఒక్కసారే.)

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా నాలుగేళ్ళ పాప ప్రీస్కూల్ నుంచి టీచర్ నోట్ వచ్చింది. 'ఏది అడిగినా ఐ అని మొదలుపెట్టి ఆగిపోతోంది, వాక్యం పూర్తి చేయడం లేదు, ఒకసారి మాట్లాడదాం' అని. పాప తుమ్మితే డాక్టర్‌కి ఫోన్ చేసే రకం నేను. రెండు రోజులు మాటలు రాని పిల్లల గురించి కనిపించిందల్లా చదివాను. ఇంట్లో రెండు భాషలు మాట్లాడి తప్పు చేశామా అని మా ఆయన్ని సతాయించాను. మూడో రోజు పొద్దున, కోనసీమ నుంచి వచ్చి ఆరు నెలలుగా మా దగ్గరే ఉంటున్న మా అత్తయ్య, "బంగారం, పాలు తాగుతావా?" అని అడిగింది. పాప బొమ్మ మీంచి తలెత్తకుండా జవాబిచ్చింది. అత్తయ్య వెళ్ళి పాలు తెచ్చింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. లోకంలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాల్సిన మాట అది.

స్కూల్‌కెళ్ళి టీచర్‌కి చెప్పాను, అది సగం వాక్యం కాదు, పూర్తి వాక్యమేనని. ఆవిడ రాసుకుంది. పాపని కార్ సీట్‌లో కూర్చోబెట్టి, బెల్టు పెడుతూ, "ఇంటికి పోదామా?" అన్నాను.

"ఆయ్" అంది.

నేను తలుపు వేయకుండా, చిన్నగా నవ్వుతూ, ఒక్క క్షణం ఆగాను. మిగతా వాక్యం కోసం.