ప్రమాణోత్సవానికి అరకు ధింసా

కిరండోల్ పాసింజర్ దిగేసరికి అరకులో సన్నగా వాన. జూలై నెల. నా సామాను: రెండు కంబళ్లు, రెయిన్‌కోటు, వైర్‌లెస్ సెట్టు, దాని బ్యాటరీలు. పెట్టె అడుగున సొంత డబ్బుతో కొన్న రాజ్యాంగం తెలుగు ప్రతి. మా సిగ్నల్ క్యాంపు స్టేషను వెనక దిబ్బమీద ఉంది. నాలుగు గుడారాలు, ముళ్లకంచె, బురదలో వాలీబాల్ కోర్టు. తోలు బూట్లకి రాత్రికి రాత్రే బూజు పట్టేది.

ఢిల్లీలో కొత్త రాష్ట్రపతి ప్రమాణం దగ్గర పడింది. కొందరు ఎంపీలు కమిటీగా కూర్చొని, ప్రమాణం అయ్యాక వేడుక ఉండాలన్నారు. అందులో రాష్ట్రానికో నాట్యం. మన వంతు ధింసా. వానలకి టెలిఫోను తీగ తెగిపోవడంతో ఆ కబుర్లు మోసే పని నా సెట్టుమీద పడింది.

శుక్రవారం, ఎదుటి కొండమీది ఊరినుంచి ఇరవైమంది ఆడవాళ్లనీ, డప్పులవాళ్లనీ మా క్యాంపుకి దింపారు. ఏ పూట కబురొస్తే ఆ పూట రైలు ఎక్కాలి, ఎవరూ కంచె దాటకూడదు. అదీ ఆర్డరు.

వాళ్ల పెద్ద సుక్రు నా గుడారం ముందు కూర్చున్నాడు.

"సోమారం మాకు వలిసెల ఇత్తనం రోజు బాబూ. మంచిరోజులు సూసే మా దిసరి లెక్క కట్టి పెట్టాడు. కొండమీద మొదటి గుప్పెడు నేనెయ్యాల. నేనెయ్యకపోతే ఊళ్లో ఎవులూ ఇత్తనం ముట్టుకోరు. అది కానిచ్చుకొని మంగళారం దిగుతామన్నాం. ఇన్నారేటి?"

శనివారం సెట్టు పలికింది. "ఇరవై ఎక్కువ. పన్నెండుమంది చాలు. ఓవర్."

సాయంత్రం మళ్లీ. "పన్నెండు కాదు, ఇరవై. డప్పులు వద్దు. బయట తుపాకుల వందనం ఉంది, చప్పుళ్లు కలిసిపోతాయి. ఓవర్."

వరసలో ముందుండి ఆడే బుద్రి అది విని నవ్వింది. "డప్పు లేపోతే కాళ్లెలా కదుల్తాయి? నీ పెట్టె కూతకి ఆడమంటావేటి?"

నాకు ఒళ్లు మండిపోయింది. రాజ్యాంగం పుస్తకం పట్టుకొని మా క్యాంపు సుబేదారు దగ్గరికి వెళ్లాను.

"సార్, అరవయ్యో అధికరణం చదివాను. ప్రధాన న్యాయమూర్తి ఎదుట ఒక్క పేరా ప్రమాణం చేస్తే చాలు. నాట్యం ఊసే లేదు."

ఆయన బూట్ల బూజు తుడుచుకుంటూ, "ఆ ముక్క ఢిల్లీకే చదివి వినిపించు," అన్నాడు.

ఆదివారం నేనే అడిగాను. "బృందం పెద్ద ఒక్కపూట ఊరికి వెళ్లి రావాలి. అనుమతి కావాలి. ఓవర్."

"పెద్ద లేకుండా బృందం చెల్లదు. ఉండమనండి. ఓవర్."

సుక్రు ఆ జవాబు విన్నాడు. "ఢిల్లీలో దిసరి లేడేటి బాబూ? ఒక్కడుంటే ఒక్క మాట సెప్పేవోడు."

సోమవారం పొద్దున్న అతను వాలీబాల్ కోర్టు మధ్యకి వెళ్లాడు. బుద్రివాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసి అతని చుట్టూ నిలబడ్డారు. డప్పు లేదు. నడుముకి కట్టుకున్న గుడ్డలోంచి వలిసెలు తీసి, వాళ్ల పాదాల వెంబడే చల్లుకుంటూ తిరిగాడు. సెంట్రీ ఆపబోతే సుబేదారు వద్దని చెయ్యి ఊపాడు.

"ఇక్కడేస్తే సెల్లుద్దా?" అనడిగాను.

"సెల్లదు బాబూ. రోజు ఉత్తినే పోకూడదని."

మంగళవారం: "సమయం చాలదు. నాట్యాలు తీసేశాం. అవుట్."

వాళ్లు వానలోనే కొండెక్కి వెళ్లిపోయారు. దిసరి ఇంకో రోజు పెట్టేసరికి అదును దాటిపోయిందని తర్వాత సంతలో బుద్రి చెప్పింది. ఈసారి నవ్వలేదు.

కార్తీకంలో నా డ్యూటీ ముగిసింది. ఇంటికొచ్చాక అందరూ అరకు అందం గురించే అడిగారు. వలిసెలు పూశాయని చెప్పాను. లోయ లోయంతా పసుపు. మా వాలీబాల్ కోర్టులో కూడా, పాదాలు నిలిచినంత మేరా, గుండ్రంగా పసుపు. రైలు కిటికీలోంచి చూస్తే ఎదుటి కొండ ఒక్కటే నల్లగా ఉంది.