కాలేజీ చేట

కోవిల్‌పట్టికి తూర్పున ఒక నల్లరేగడి పల్లె. మిరపకాయల బస్తా విరుదునగర్ లారీ ఎక్కే ముందు గురువమ్మాళ్ దగ్గర ఆగాలి. ఆమె మూతి విప్పించి, చేటెడు కాయలు తీసి పక్కన పోస్తుంది. ఆ కుప్ప అమ్మగా వచ్చింది ఊరి పిల్లల కాలేజీ ఫీజు.

విరుదునగర్ వ్యాపారులు ఇలాగే మూటకింత తీసి బడులు నడిపారని విని ఆమె భర్త మొదలుపెట్టాడు. ఆయన పోయాక చేట ఆమె చేతికి వచ్చింది. ఎవరి బస్తాకైనా చేట ఒకటే. తన బస్తాకు మాత్రం కాస్త గుట్టగా తీస్తుంది.

ఆ కాయలతో చదివిన వాసుకి ఊళ్లోనే కారం మిల్లు పెట్టింది. అగ్గిపెట్టెల పనికి వ్యాను ఎక్కే ఆడవాళ్లు ఇప్పుడు నడిచి మిల్లు పనికి వెళ్తున్నారు. ఊరి కాయలన్నీ మిల్లుకే. ఈ ఏడు లారీ రాలేదు.

లారీ లేదు గనుక గురువమ్మాళ్ దగ్గర బస్తా ఆగలేదు. కుప్ప లేదు. ముత్తమ్మాళ్ కూతురు కార్తికకు పశువైద్య కాలేజీలో సీటు వచ్చింది. ఈ నెలలోనే ఫీజు కట్టాలి.

రైతు అప్పాసామి గురువమ్మాళ్‌కు మరిది వరస. సందు దొరికితే వదలడు.

"ఇంగ యేమి చెరుగుతావు వదినా? కారప్పొడా?"

"నీ మీసం చెరుగుతాను, రా."

నవ్వింది గానీ ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు చేట తీసుకుని మిల్లుకు వెళ్లి గుమ్మం పక్కన కూర్చుంది. తలగుడ్డ విప్పుకుంటూ వాసుకి బయటికి వచ్చింది. చేతుల నిండా ఎర్రటి పొడి.

"యేమవ్వా, యెండలో కూసుండావు?"

"లారీ పాయె. కార్తికకు యేడ తీసేది?"

వాసుకి వాకిలి వైపు చూసింది. అప్పాసామి బండి బస్తాలు దించుతోంది.

"ఊరు విడిచేప్పుడు తీస్తివి. ఇంగ ఈడ తియ్యి. తూకం అయినంక తియ్యవ్వా. అప్పుడు కాయ నాది."

అప్పాసామి విన్నాడు.

"అదెట్లమ్మా? నా బస్తాకు నువ్వు ఇచ్చేదేంది?"

"నన్ను చదివించినప్పుడు నువ్వు ఇయ్యలేదా మామా?"

తూకం వేయకముందే అప్పాసామి బస్తా మూతి తనే విప్పి పట్టుకున్నాడు.

"తియ్యి వదినా."

గురువమ్మాళ్ తీసింది. బస్తా తూకం ఎక్కి దిగాక మళ్లీ చేట ముంచింది.

"రెండుతూర్లా వదినా?"

"అది నీది. ఇది వాసుకిది. సరిగా పట్టుకో."

మధ్యాహ్నానికి గుమ్మం పక్కన కుప్ప మోకాలెత్తు అయింది. గాలి కుప్ప మీదుగా తిరిగింది. ముందు అప్పాసామి తుమ్మాడు. తర్వాత అందరూ.