కయోటీని పిలిచి కొట్టిన రోజులు

మా తెల్లదాన్ని పట్టపగలు ఎత్తుకుపోయింది. ఎండ బాగా కాసింది కదా, డ్రయ్యరుకు కరెంటు దండగ ఎందుకని పెరట్లో తాడు కట్టి దుప్పట్లు ఆరేస్తున్నాను. కుక్కలు రెండూ నా కాళ్ల దగ్గరే తిరుగుతున్నాయి. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. రెండూ పిల్లికన్నా కాస్త పెద్దవి, అంతే. దుప్పటి కొసకు క్లిప్పు పెట్టి ఇటు తిరిగేసరికి కీచుమని ఒక్క చప్పుడు. తెల్లది కయోటీ నోట్లో ఉంది.

క్లిప్పుల బుట్ట విసిరాను. తగల్లేదు. అది భయపడి పరుగెత్తి ఉంటే నాకింత మంట ఉండేది కాదేమో. పరుగెత్తలేదు. కంచె దగ్గర ఆగి, తల తిప్పి నన్ను ఎగాదిగా చూసింది. ముసలిది, ఇదేం చేస్తుందిలే అన్నట్టు చూసింది. చూసి, కంచె మీదికి ఎగిరి, అవతలి పొదల్లోకి దిగిపోయింది. నల్లది నా కుచ్చిళ్లలో దూరి వణుకుతోంది.

మేముండేది కెనడాలోని హామిల్టన్‌లో. ఇక్కడ ఊరి మధ్యనుంచి ఒక కొండ గోడలాగా పోతుంది. మా ఇల్లు దాని అడుగునే. పెరటి కంచె దాటితే వాగు, పొదలు, జనం నడిచే బాట. ఆ పొదల్లో కయోటీలు ఉంటాయని అందరికీ తెలుసు. కయోటీ అంటే నక్కకు పెద్ద, తోడేలుకు చిన్న. మా అమ్మాయి ఇక్కడి హాస్పిటల్లో నర్సు. అల్లుడు పని మీద ఆల్బర్టాలో ఉంటాడు, క్రిస్మస్‌కు వస్తాడు. పిల్లలు చదువులకు వెళ్లిపోయాక ఇల్లు బోసిగా ఉందని అమ్మాయి ఆ కుక్కల్ని తెచ్చుకుంది. తెచ్చింది ఆమె, సాకింది నేను. కొనుక్కొచ్చే తిండి మాన్పించి అన్నంలో ఉడికిన గుడ్డు చిదిమి పెట్టేదాన్ని. చలికాలం నా కాళ్ల దగ్గర పడుకునేవి.

డ్యూటీ దిగి వచ్చిన అమ్మాయి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఆ తర్వాత మున్సిపాలిటీ ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతలావిడ చాలా మర్యాదగా, చాలాసేపు మాట్లాడింది. చిన్న కుక్కల్ని ఒంటరిగా వదలొద్దట, తాడు పొట్టిగా పట్టుకోవాలట, పొదలు కొట్టేయాలట.

"పట్టుకోరటమ్మా," అంది అమ్మాయి ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి. "చంపరట కూడా. ఇది దాని ఇల్లు కూడా అంటోంది."

"అయితే దాన్ని కూడా అద్దె కట్టమను."

"అమ్మా, ఆవిడ వింటోంది."

"విననీ. తెలుగొచ్చా ఆవిడకి?"

నేను చదివింది మూడో తరగతి దాకా. అయితే చెరకు తోటల మధ్య పెరిగినదాన్ని. నక్కలు చెరకు కొరికి పాడుచేస్తుంటే మా నాన్న ఇనుప తీగెతో ఉచ్చు వేసేవాడు. ఆ ముడి నా చేతులకు ఇంకా గుర్తుంది. గరాజులో పాత తీగె దొరికింది. మర్నాడు పొద్దున్నే కూర్చుని ఉచ్చు బిగించాను. కంచె పక్క అది ఎగిరిన చోట పెట్టబోతుంటే అమ్మాయి చూసింది.

"నిన్ను జైల్లో వేస్తారమ్మా!"

"వెయ్యనీ. తిండీ వాళ్లదే, హీటరూ వాళ్లదే."

"నా నర్సు లైసెన్సు పోతుంది."

"కుక్కను చంపినదానికి ఏమీ పోదు, నీకు లైసెన్సు పోతుందా?"

అమ్మాయి నల్లదాన్ని ఎత్తి నా ముందు పెట్టింది. "దీని మెడకు పడితే?"

ఉచ్చు విప్పేశాను. తీగె మాత్రం పారెయ్యలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నా పక్కన కూర్చుని, పగ దేవుడికి వదిలెయ్యండమ్మా అన్నారు. వదిలేస్తానండీ, ఆయన ఎప్పుడు తీరుస్తాడో కనుక్కుని చెప్పండి అన్నాను. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. నల్లది గుమ్మం దాటడం మానేసింది. చాప మీదే పోస్తోంది. ఆ కయోటీ మాత్రం మానలేదు. పొద్దునపూట కంచె అవతల వచ్చి నిలబడుతుంది. పలకల సందులోంచి దాని కళ్లు కనబడతాయి. మిగిలినదానికోసం వస్తోందని నాకు తెలుసు. నల్లదాన్ని దక్కించుకోవాలి, తెల్లదానికి బదులు తీర్చుకోవాలి. నా మనసులో ఈ రెండూ వేరువేరు పనులు కావు.

మా వైపు గొర్రెల మందల దగ్గర కుక్కల మెడకు మేకులు కొట్టిన తోలుపట్టీ కట్టేవారు, తోడేలు పీక పట్టకుండా. అల్లుడి పాత బెల్టు కోసి, లోపల గుడ్డ కుట్టి, మేకులు పైకి పొడుచుకొచ్చేలా నల్లదానికొక పట్టీ చేశాను. అది కట్టుకుని నల్లది పోలీసులాగా ఉందని అమ్మాయి చాలా రోజుల తర్వాత నవ్వింది.

పట్టీ చేస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. నక్క జాతిది మనిషిని చూస్తే పారిపోవాలి. మా చెరకు తోటల్లో చిన్నపిల్ల కేకేస్తే పోయేవి. ఇది నన్ను చూసి కూడా ఆగింది. మనిషి దగ్గర భయం లేదని దీనికి ఎవరో నేర్పారు.

అప్పట్నుంచి వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాను. ఒక పొద్దున పెరటి షెడ్డు వెనక టింగుటింగుమని చప్పుడు విని వెళ్లి చూస్తే, గడ్డిలో అల్యూమినియం ట్రే ఉంది. ట్రేలో పసుపు అంటిన అన్నం, కోడి ఎముకలు. ఎముకల పక్కన చక్కగా కాస్త పెరుగన్నం కూడా. కెనడావాళ్లు ఎవరూ పెరుగన్నం పెట్టరు.

ట్రే పట్టుకుని బేస్‌మెంటు మెట్లు దిగాను.

అది ఊరంతా స్టూడెంట్లు దిగిన కాలం. మా వీధిలో బేస్‌మెంటు ఖాళీగా ఉన్న ఇల్లు లేదు. బస్సెక్కితే బ్యాగులే, తెలుగు మాటలే. మా కింద ఇద్దరు ఆడపిల్లలు ఉండేవారు. ఒకామెది కరీంనగర్ వైపు, ఒకామెది గుంటూరు. పొద్దున కాలేజీ, సాయంత్రం ఒక చికెన్ షాపులో పార్ట్‌టైం. మిగిలిన ముక్కలు షాపువాళ్లే ఇచ్చేవారు, తెచ్చుకుని తినేవారు. అప్పుడే కాలేజీకి బయల్దేరుతున్నారు.

"ఇది ఎవరిది?" అన్నాను ట్రే చూపించి.

కరీంనగర్ పిల్ల సిగ్గుపడుతూ నవ్వింది. "నాదే అమ్మమ్మా. ఆ కుక్కకు పెడుతున్న."

"ఏ కుక్క?"

"గా పొదలల్ల ఉంటది గదా, వీధికుక్క. మస్తు బక్కగుంటది. ట్రే మీద గరిటెతోని కొడితె వస్తది." ఫోన్ తీసి చూపించింది. షెడ్డు పక్కన నిలబడి, తోక కిందికి వేసుకుని, బూడిదరంగు వీపుతో, అన్నం నాకుతూ, అదే. "మా అమ్మకు గూడ పంపిన. పాపం, రోజు ఇంత పెట్టు బిడ్డా అన్నది."

నేను మెట్టు మీద కూర్చున్నాను. నిలబడితే ఆ పిల్లను కొట్టేదాన్ని.

"ఈ దేశంలో వీధికుక్కలు ఉంటాయా? ఎక్కడైనా ఒక్కదాన్ని చూశావా?"

ఆ పిల్ల ఫోన్ వైపు చూసింది, నా వైపు చూసింది. గుంటూరు పిల్ల ముందు అర్థం చేసుకుంది. "ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అది కయోటీయే. తెల్లదాన్ని తిన్నది అదే." చెప్పి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

కరీంనగర్ పిల్ల మొహం పాలిపోయింది. తెల్లది అంటే ఆ పిల్లకు ప్రాణం. పోయిన రోజు మాతోపాటు ఏడ్చింది. ఇన్నాళ్లూ దాన్ని చంపినదాన్ని పిలిచి అన్నం పెడుతోంది.

"నాకెర్కలేదమ్మమ్మా. మా గల్లీల కుక్క లెక్కనే ఉండె. మా ఇంట్ల తినే ముందుగాల కుక్కకింత తీసిపెడతం. పడేస్తె మీరే గదా తిట్టిండ్రు, అన్నం చెత్తల వేస్తరా అని."

"పారెయ్యొద్దన్నాను. కయోటీకి విస్తరి వెయ్యమన్నానా?"

ఆ రోజు సాయంత్రం అమ్మాయితో, వాళ్లను ఖాళీ చెయ్యమను అన్నాను. చలికాలం ముందు, ఈ రద్దీలో ఆడపిల్లలు ఎక్కడికి పోతారమ్మా అంది. నాకు జాలి కలగలేదు, అబద్ధం ఎందుకు. కానీ కిటికీ దగ్గర కూర్చుని ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. ట్రే మోగిస్తే అది వస్తుంది. పిలిస్తే వచ్చే శత్రువు ఎవరికి దొరుకుతుంది?

పిల్లలిద్దర్నీ పైకి పిలిచాను.

"మీరే నేర్పారు, మీరే మరిపించాలి. రేపట్నుంచి ట్రే మోగించండి. అన్నం ఉండదు, నేనుంటాను."

"నాతోని కాదమ్మమ్మా. నన్ను నమ్మి వస్తది."

"నమ్మి వస్తేనే కదా దెబ్బ తగిలేది."

గుంటూరు పిల్లకు మాత్రం హుషారొచ్చింది. "మా అమ్మ పంపిన గొడ్డుకారం ఉంది అమ్మమ్మగారూ, ఎముకలకు దట్టించి పెడదామా? జన్మలో చికెన్ ముట్టదు." నాకు నచ్చింది. అమ్మాయి ఒప్పుకోలేదు. తిండి వాసన తగిలితే మళ్లీ వస్తుందట, కారమైనా సరే. ఒక్క మెతుకు కూడా బయట పడకూడదట. గాయం చెయ్యకూడదట, భయపెట్టవచ్చట. మున్సిపాలిటీ వాళ్లు చెప్పిన పద్ధతి అదే. పోయేదాకా అరవాలి, చప్పుడు చెయ్యాలి, నీళ్లు కొట్టాలి, మధ్యలో ఆపకూడదు. వద్దన్న ఉచ్చుకన్నా, కారంకన్నా ఇదే నా కడుపు చల్లార్చింది.

పొద్దున షెడ్డు గోడ పక్కన నేను నీళ్ల పైపు పట్టుకుని నిలబడ్డాను. కాఫీ డబ్బాలో గులకరాళ్లు పోసి గుంటూరు పిల్లకిచ్చాను. అమ్మాయి నల్లదాన్ని చంకలో పెట్టుకుని అద్దాల తలుపు లోపల ఉంది. కరీంనగర్ పిల్ల ఖాళీ ట్రే మీద గరిటెతో కొట్టింది. చప్పుడు సరిగా రాలేదు.

"గట్టిగా కొట్టు," అన్నాను.

కొట్టింది. కయోటీ కంచె మీదినుంచి దిగింది. తిన్నగా ఆ పిల్ల దగ్గరికి నడిచి వచ్చింది, ఇంటి కుక్క వచ్చినట్టే. ట్రేలో మూతి పెట్టి, ఏమీ లేక తలెత్తి ఆ పిల్ల మొహంలోకి చూసింది. అప్పుడు పైపు వదిలాను. వాగు నీళ్లలా చల్లటి నీళ్లు దాని మొహం మీద పడ్డాయి. గుంటూరు పిల్ల డబ్బా ఊపుతూ, నేను మా నాన్న చెరకు తోటలో వేసిన కేక వేస్తూ మీదికి పోయాం. అది వెనక్కి గెంతి ఆగింది. ఆగనివ్వలేదు. కంచె దాకా తరిమి, కంచె ఎక్కుతుంటే వీపు మీద కొట్టాను నీళ్లతో. మొదటిసారి దాని కాలు జారింది. ఆ జారడం చూసి నాకు ఎంత సంతోషమైందో ఇప్పుడు చెబుతుంటే కూడా తెలుస్తోంది.

కరీంనగర్ పిల్ల ట్రే కింద పడేసి ఏడుస్తోంది. "అది నా మొహమే చూసిందమ్మమ్మా."

"చూడాలి. నీ మొహం చూస్తే నీళ్లు గుర్తుకురావాలి."

మర్నాడు మళ్లీ మోగించాం. వచ్చింది, కానీ కంచె మీదే ఆగి వెతికింది. ఆ తర్వాత కంచె అవతల నిలబడింది. ప్రతిసారీ కరీంనగర్ పిల్లే ట్రే మోగించాలని పట్టుబట్టాను. గుంటూరు పిల్ల తను కొడతానంటే ఒప్పుకోలేదు. ఎవరి చేత్తో అన్నం తిన్నదో ఆ చెయ్యే దానికి చేదు కావాలి. అమ్మాయి నన్ను రాతిగుండె అంది. అననీ. ఒక వారం చివర్లో ఆ పిల్ల నేను చెప్పకుండానే డబ్బా లాక్కుని, "పో! ఇంక రాకు! చస్తవ్, పో!" అని అరుస్తూ కంచె దాకా పరుగెత్తింది. దాన్ని తిడుతోందో, బతిమాలుతోందో నాకు తెలియలేదు. అది మాత్రం ఆ పిల్లను చూడగానే తోక కాళ్ల మధ్య పెట్టుకుని పోయింది.

ఇక ట్రే మోగించినా రాలేదు.

తర్వాత మిగిలిన పనులు చేశాం. కంచె పక్క పొదలు కొట్టించాం. చెత్తడబ్బా మూతకు తాడు బిగించాం. ఆ ఉచ్చు తీగెకు పాత ప్లాస్టిక్ గొట్టాలు గుచ్చి కంచె పైన పొడుగునా కట్టాం. కాలు పెడితే గొట్టం గిర్రున తిరుగుతుంది, పట్టు దొరకదు. నల్లదాన్ని పొట్టి తాడుతో మెల్లగా గడ్డి మీదికి దింపాను. మొదట నాలుగు కాళ్లూ బిగబట్టి నిలుచుంది. కరీంనగర్ పిల్ల గడ్డి మీద కూర్చుని చెయ్యి చాపితే ఒక్కొక్క అడుగే వేసింది. చాప మీద పొయ్యడం మానింది.

"ఇప్పుడన్న నన్ను మాఫ్ చేసినవా అమ్మమ్మా?" అని అడిగిందా పిల్ల.

"తెల్లదాన్ని తెచ్చియ్యి, చేస్తాను," అన్నాను. అని, లోపలికెళ్లి ఆమెకు పప్పన్నం కలిపి తెచ్చాను. పనికి పోయే పిల్ల ఖాళీ కడుపుతో పోకూడదు కదా.

ఆ కయోటీ ఇక రాదమ్మా, రాళ్ల డబ్బా లోపల పెట్టు అంటుంది అమ్మాయి. పెట్టను. పొద్దున నల్లది గడ్డిలో తిరుగుతున్నంతసేపూ డబ్బా చంకలో పెట్టుకుని కంచె వైపే చూస్తూ నిలబడతాను. రాకూడదనే ఇంత చేశాం. రాదని నాకూ తెలుసు. అయినా ఒక్కసారి వస్తే బాగుండునని ఉంటుంది.