వేలెడు ఖాళీ

టెక్కలి కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పిన మాస్టారు, కూలిపోయే నక్షత్రం ఎలా కుంచించుకుపోతుందో బోర్డు మీద గీత గీసి చివర వేలెడు ఖాళీ వదిలేవారు. అక్కడ ఎవరు చుక్క పెట్టినా చెరిపేసేవారు.

“శక్తి సున్నాకన్నా తగ్గదనుకుంటేనే, స్థలమూ కాలమూ ఆ సుక్కలో ముగిసిపోతాయని లెక్క సెప్తాది. క్వాంటం క్షేత్రాల్లో ఒక్కోసారి తగ్గుతాది. మరప్పుడు ముగుస్తాయో నేదో ఎవులికీ తెల్దురా.”

మాస్టారిది ఇంటింటా కిడ్నీ జబ్బులుండే ఉద్దానం. మొన్న పలాసలో డయాలసిస్ మంచం మీద కనిపించారు. రిపోర్టు వెనక, తన కిడ్నీల పనితనం ఏడాదేడాదికీ ఎలా తగ్గిందో గీత గీసుకున్నారు.

“సివర ఖాళీ ఒగ్గనేదేటి మాస్టారూ?” అన్నాను, నవ్విద్దామని.

“నువ్వు ఒగ్గీరా, సూద్దాం” అని కాగితం, పెన్ను నా చేతికిచ్చారు.

గీత అప్పటికే కాగితం అడుగంచును తాకి ఉంది.