కాంతి గదిలో వినని మాట

గల్ఫ్‌లోని మదీనత్ ఖలీఫాలో నేను నర్సుగా పనిచేసే చర్మ వైద్యశాలలో, కాంతి చికిత్స ఎలా పుట్టిందో సిబ్బందికి చెప్పమని మా ఇన్‌చార్జి నన్ను అడిగింది. నూరేళ్ళ కిందటి డెన్మార్క్ వైద్యుడి గురించి చెప్పాను. ఆయన కూడా రోగే. ఎండలో కూర్చుంటే ప్రాణం తేలికపడేదట. ఆ వెలుగులో ఏముందో వెతికి, చర్మక్షయతో ముఖాలు పాడైనవాళ్ళకు దీపకాంతితో నయం చేశాడు. ఒక్కో రోగి పక్కన ఒక్కో నర్సు గంటసేపు చర్మం మీద గాజు బిళ్ళ అదిమిపట్టి కూర్చునేదని కూడా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ వారమే ఒక రోగి మూడోసారి కాంతి చికిత్సకు వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటాయి, భవనాల పనికి కొత్తగా వచ్చాడు. చేతులకు బొల్లి మచ్చలు. ఇంగ్లీషు రాదు, హిందీ రెండు ముక్కలు. నేను తెలుగుదాన్నని అతనికి చెప్పలేదు. చెబితే అతనుండే కూలీల క్యాంపంతా కాగితాలు పట్టుకుని నా దగ్గరికే వస్తుందని భయం.

"రెడ్‌నెస్ లేదు కదా?" అని ఇంగ్లీషులోనే అడిగాను. తలూపాడు. దీపాల గదిలోకి వెళ్తూ తనలో తాను అన్నాడు: "పోయినసారికే మస్తు మండింది. ఈమెకెట్ల చెప్పాలె?"

నాకు ప్రతి మాటా అర్థమైంది. బదులిస్తే దొరికిపోతాను. కొంచెం మంట అందరికీ ఉంటుందిలే అనుకుని, ఆ రోజుకి పెంచాల్సిన మోతాదు పెంచి మీట నొక్కాను.

రెండు రోజులకు చేతులనిండా బొబ్బలతో వచ్చి వరండాలో కూర్చున్నాడు. నేను అతన్ని గమనించకుండా ఫోనులో మా అమ్మతో మాట్లాడుతూ అటే వెళ్ళాను. అతను లేచి నిలబడ్డాడు.

"అక్కా, మీకు తెలుగొస్తదా?"

ఫోను పెట్టేశాను. "వచ్చు."

"మొన్న నేనన్నది ఇన్నరా మరి?"

"సరిగ్గా వినపడలేదు."

"గట్టిగనే అన్న గదక్కా," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నన్ను మందలించి, బొబ్బలు మానేదాకా చికిత్స ఆపించారు. కొన్ని వారాలకు మళ్ళీ మొదలైంది, తక్కువ మోతాదుతో, వేరే సిస్టర్ దగ్గర. మచ్చల్లో రంగు కూడా కొద్దికొద్దిగా తిరిగి వస్తోందని ఆమే చెప్పింది.

ఒకరోజు ధైర్యం చేసి ఎదురెళ్ళాను. "అన్నా, తప్పు నాదే. ఇప్పుడెలా ఉంది?"

"అచ్ఛా హై, సిస్టర్," అన్నాడు, నా ముఖం చూడకుండా. తెలుగులో ఒక్క మాటా అనకుండా లోపలికి వెళ్ళిపోయాడు.