మామ చెక్కిన పలక

మొన్న సోమవారం మా మేనమామ పోయాడు. జహీరాబాద్ దవాఖానలో, గుండె ఆగి. ఫోన్లో ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. కానీ పలకరించడానికి వచ్చినవాళ్ల మాటలకు మాత్రం రోత పుట్టింది. "ఎవ్వర్నీ ఒక్క మాట అనకపోతుండె పాపం" అన్నారు. ఛీ అనకుండా మా మామ ఒక్క పూట గడిపి ఎరుగడు. చాయ్ పల్చగా ఉంటే ఛీ అనేవాడు, అంటూనే గ్లాసు ఖాళీ చేసేవాడు. ప్రాణం పోగానే ఆయన్ని ఎవరో నోట్లో నాలుక లేని మనిషిగా మార్చేస్తే నాకెందుకో ఒళ్లు మండింది.

హైవే పక్కన ఆయన మెకానిక్ షెడ్డు. రోజంతా ట్రాక్టర్లు, బోరు మోటర్లు. మనసు మాత్రం రాయికోడ్ దిక్కు మంజీర నీళ్ల మీద తిరిగే పడవల్లో ఉండేది. డ్యాం నీళ్లలో పొలాలు మునిగిన రైతులు అక్కడ పడవలు పట్టారు. మోటరును కూడా వాళ్లు నాగలిలాగే చూసేవారు. ఎంత లోతుకు దించితే అంత బలం అనుకునేవారు. పడవేమో ముక్కు పైకెత్తి, నీళ్లు చిమ్ముకుంటూ, పెట్రోలు తాగుతూ ఈడ్చుకుంటూ పోయేది. మామ ఒడ్డున నిలబడి మొహం చిట్లించేవాడు.

"ఛీ! దున్నెతందుకు పోతున్నవా, దాటెతందుకు పోతున్నవా?"

ఊరివాళ్లను దాటించే పడవకు ఆయన మోటరు ఎత్తు సరిచేసిన రోజు నేనూ వెంట ఉన్నాను. మోటరుకు నీళ్లలో తిరిగే పంకా మీద గొడుగులా ఒక రేకు ఉంటుంది. అది పడవ అడుగుకు సమంగా రావాలి. మోటరు తగిలించే వెనక అంచు మీద సన్నటి చెక్కముక్కలు ఒక్కొక్కటే పేర్చి, ఎత్తు పెంచుతూ, ప్రతిసారీ పడవను ఒక చుట్టు తిప్పించాడు. చివరికి మలుపులో పంకా గాలి పీల్చి మోటరు గట్టిగా అరిచింది.

"అరిచేదాక లేపాలె బిడ్డా. అరిచినంక ఒక్క వేలు దించాలె. గంతే" అన్నాడు.

చెక్కముక్కలు తీసేసి, ఆ కొలతకు టేకు పలక చెక్కి మోటరు కింద బిగించాడు. "ఇగ ఎనక నీళ్లు చూడు" అన్నాడు. చూశాను. అంత జోరుగా పోతున్నా వెనక నీళ్లు కుదురుగా ఉన్నాయి. "నేను పోతే నన్ను గీ పడవలనే తీస్కపోండ్రి" అని ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నాడో.

మూడో రోజు బూడిద కుండతో ఆ పడవే ఎక్కాను. నడిపేవాడు పాడె దగ్గర అందరికంటే గట్టిగా ఏడ్చినవాడే. పడవ పాకింది. పాచి కంపు కొట్టే నీళ్లు చిమ్మి కుండకు కట్టిన గుడ్డ తడిసింది. వెనక్కి చూస్తే పలక లేదు.

"పలక ఏది తమ్మీ?"

"తీసిన అక్కా. లోతుకుంటె జోరుంటదని…"

"మామ చెప్పలే?"

"చెప్పిండు. సరే అన్న" అని తల దించుకున్నాడు.

పాడె దగ్గర అతని ఏడుపంతా గుర్తొచ్చింది. మనిషి కోసం గుండెలు బాదుకుంటారు, ఆయన చెప్పిన ఒక్క మాట నిలబెట్టరు.

"ఒడ్డుకు తిప్పు. మామను గిట్ల ఈడ్సుకుంట తీస్కపోను."

పలక ఒడ్డునే దొరికింది. దాని మీద చేపలు కోస్తున్నారు. పొలుసులు, పేగులు, ముసురుతున్న ఈగలు. "ఛీ!" అన్నాను. అచ్చం మామ గొంతే వచ్చింది నాకు. ఇసుకతో నేనే తోమి కడిగాను. అతను మోటరు విప్పి, పలక పెట్టి, బిగించాడు.

ఈసారి పడవ ముక్కు దించి తేలిగ్గా లేచింది. మలుపులో మోటరు అరవలేదు. నడిపేవాడు అలవాటు చొప్పున మామ కూర్చునే అడ్డపలక వైపు తిరిగాడు, ఏదో ఒక తిట్టు పడుతుందన్నట్టు. అక్కడ కుండ ఉంది. కళ్లు తిప్పుకున్నాడు.

నడుమకు వచ్చాక పడవ ఆపుతానన్నాడు. వద్దన్నాను. నా చేతులు ఇంకా చేప కంపు కొడుతున్నాయి. ఆ చేతులతోనే, పోతున్న పడవలోంచి మామను వదిలాను. వెనక నీళ్లు చూశాను. కుదురుగా ఉన్నాయి.