పాన్ పళ్ళెం వచ్చాక

మా ఇంట్లో పాన్ పళ్ళెం వచ్చిందంటే అతిథి లేవాలి. ఎవరూ పొమ్మనరు, గడియారం వైపు చూడరు. నాన్న కళ్ళతో సైగ చేస్తే లోపలి నుంచి వెండి పళ్ళెంలో బీడాలు వచ్చేవి. అతిథి ఒకటి నోట్లో పెట్టుకొని సెలవు తీసుకొనేవాడు. పళ్ళెం వచ్చాక కూడా కూర్చున్నవాడికి మా గడపలో మళ్ళీ మర్యాద దక్కేది కాదు.

తాతలనాటి ఆ పెద్ద దేవిడీలో ఇప్పుడు మాకు మిగిలింది వెనకవైపు హాలు, రెండు గదులు. ముందు భాగం చేతులు మారి, నాంపల్లి స్టేషన్లో దిగినవాళ్ళకు గదులిచ్చే లాడ్జి అయింది. ఆ లాడ్జి మెట్ల పక్క సందులోంచే నేను నా ఇంట్లోకి వెళ్ళాలి. పళ్ళెం మాత్రం అమ్మలేదు.

మేం చితికిపోవడానికి మా ఇంట్లో చెప్పుకొనే కారణం ఒకటే: పరాయి పటాలం. నవాబుకు కాపలా అంటూ తెల్లవాళ్ళు ఇక్కడ సైన్యాన్ని దించారు. ఖర్చు ఇక్కడి ఖజానాది, హుకుం వాళ్ళది. చాలన్నా కదలలేదు. ఆ సైన్యం జీతాల కింద వాళ్ళ చేతికి పోయిన ఇలాకాలో మా ముత్తాతల ఊళ్ళూ పోయాయి. మా తాతల దుబారా కూడా ఒక కారణమేనని నాకు తెలుసు. అయినా నేను అన్నంతో పాటు తిన్న మాట అదే. పొమ్మన్నాక కూడా ఉన్న సైన్యం ఆక్రమణదారు, దానికి ఏ పేరు పెట్టుకున్నా సరే.

అందుకే, ఒక చిన్న ద్వీప దేశంలో కొత్త సర్కారు గద్దెనెక్కి, మన సైనికులను తీసుకుపొమ్మని మన దేశాన్ని అడిగినప్పుడు, నేను ఎవరి పక్షమో తడుముకోవలసిన పని లేకపోయింది. కానీ అక్కడున్న కొద్దిమందిలో మా అక్క కొడుకు ఒకడు. దీవుల నుంచి రోగులను రాజధాని దవాఖానకు చేరవేసేందుకు మన దేశం ఇచ్చిన హెలికాప్టర్‌ను బాగుచేసే పని వాడిది.

ఆ రోజుల్లో ఆబిడ్స్‌లో నేను చాయ్ తాగే ఇరానీ హోటల్లో ఇదే మాట. ఎదురుగా కూర్చున్న బట్టల దుకాణం ఆసామి ఒకరోజు బల్ల గుద్దాడు. మన దయ మీద బతుకుతూ మనల్నే పొమ్మంటున్నారని, కదలకుండా ఉంటే ఏం చేస్తారో చూడాలని అన్నాడు. నిజానికి నా రక్తం కూడా ఉడికింది. మా పిల్లవాణ్ణి ఎవరో మెడపట్టి గెంటినట్టే ఉంది. అయినా, ఇల్లు వాళ్ళది, పొమ్మంటే పోవాలి అన్నాను.

ఆయన నవ్వాడు. "గట్లంటెనే మీ దేవిడీ లాడ్జయింది దొరా."

చాయ్ సగంలో వదిలి లేచాను. మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు.

ఆ సర్కారు పెట్టిన గడువు కంటే ముందే మన సైనికులందరూ తిరిగి వచ్చేశారు. మేనల్లుడి సర్వీసు కూడా ముగిసింది. అక్క ఊపిరి పీల్చుకుంది. అంతలో రెండు దేశాలూ ఒక ఒప్పందానికి వచ్చాయి. హెలికాప్టర్ అక్కడే ఉంటుంది, సైనికులు ఉండరు, మామూలు దుస్తుల్లో పనివాళ్ళు వెళ్తారు. వాణ్ణి ఆ పనికి మళ్ళీ రమ్మన్నారు. జవాబు సోమవారం చెప్పాలి. ఆదివారం అక్క, బావ వాణ్ణి వెంటబెట్టుకొని గౌలిగూడ నుంచి మా ఇంటికి వచ్చారు. ఇలాంటి వాటిలో మేనమామ మాట దాటకపోవడం మాలో ఆచారం.

అక్క కూర్చోకముందే మొదలుపెట్టింది. "అక్కడి జనం వీళ్ళ క్యాంపు గేటు కాడ నిలబడి పొండి పొండి అని మొత్తుకున్నరట తమ్మీ. గాడికే మళ్ళ పోతడట. నువ్వన్న చెప్పు."

నేను చెప్పవలసింది ముందే ఆలోచించుకొని ఉన్నాను. "అంగీ మార్చుకొని అదే తలుపులకెల్లి లోపటికొస్తే, పోయినట్టెట్లయితదిరా?"

"పొమ్మన్నది వాళ్ళ సర్కారే మామా. రమ్మన్నదీ వాళ్ళ సర్కారే."

"భయపడి రమ్మన్నదేమో. మన నవాబు గూడ కాయితం మీద సంతకం పెట్టిండు."

వాడు తల వంచుకున్నాడు. అది తనకెలా తెలుస్తుందన్నాడు. తనకు తెలిసిందల్లా ఒక జాలరి సంగతి. సముద్రం పొంగి పడవలు కదలని రోజున, నొప్పులు పడుతున్న అతని భార్యను వీళ్ళే దవాఖానకు చేర్చారు. తర్వాత గేటు దగ్గర పొమ్మని అరిచినవాళ్ళలో ఆ జాలరీ ఉన్నాడు. వీణ్ణి చూశాక కూడా అరవడం మానలేదు. మర్నాడు వండిన చేపల కూర గిన్నె తెచ్చి గేటు దగ్గర పెట్టి వెళ్ళాడు.

"ఆయనకు పటాలం వద్దు, హెలికాప్టర్ కావాలె. రెండూ నిజమే మామా."

బావ కల్పించుకున్నాడు. బావది కోస్తా. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు మా పళ్ళెం చూసి, వాళ్ళ వైపు భోజనం తర్వాత ఇచ్చే తాంబూలం అనుకొని, రెండు బీడాలు వేసుకొని, బాలీసు దిండుకు ఆనుకొని చీకటిపడేదాకా కబుర్లు చెప్పిన మనిషి. నాన్న మండిపడ్డాడు. అక్క తెర వెనక నవ్వి, ఆయన్నే చేసుకుంటానంది.

"పళ్ళెం భాష నాకు ఇప్పటికీ రాదండీ దొరగారూ," అన్నాడు బావ. "వాళ్ళు నోటితో చెప్పారు, వీడు లేచి వచ్చాడు. ఆ లెక్కన నాకంటే నయమే కదా."

అక్క ఆయన వైపు చురుగ్గా చూసింది.

నాకు నవ్వు రాలేదు. వాడినే అడిగాను. "రేపు మళ్ళ పొమ్మంటే?"

"లేస్త."

"మనోళ్ళు కదలొద్దంటే?"

వాడు మొదటిసారి తలెత్తి నా కళ్ళలోకి చూశాడు. "వర్దీ ఉన్ననాడు ఆగుమంటే ఆగాలె మామా. ఇప్పుడు నా ఒంటి మీద వర్దీ లేదు. నన్ను ఆపేటోడు లేడు."

మా ముత్తాతల ఊళ్ళు మింగిన పటాలంలో ఏ ఒక్క సిపాయికీ ఆ మాట అనే వీలు లేదు. వాడి మాట న్యాయమేనని ఒప్పుకున్నాను. వాడు వెళ్ళకూడదని మాత్రం అప్పటికీ అనిపిస్తూనే ఉంది.

చెప్పులేసుకొని బయటికి నడిచాను. కోపంతో వెళ్తున్నాననుకొని అక్క వెనక నుంచి పిలిచింది. స్టేషన్ రోడ్డు మీద పాన్ డబ్బా దగ్గర బీడాలు కట్టించుకున్నాను. మా ఇంట్లో బీడాలు చుట్టేవాళ్ళు పోయి చాలా కాలమైంది. ఇంటికి వచ్చి అల్మారాలోంచి పళ్ళెం తీసి, పంచె కొంగుతో తుడిచి, బీడాలు పేర్చి, హాల్లోకి తెచ్చి వాడి ముందు పట్టుకున్నాను.

వాడు లేచి నిలబడ్డాడు. ఒక బీడా తీసుకొని వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఈసారి బావ కూడా లేచాడు.

పళ్ళెం అక్క వైపు తిప్పాను. ఆ పళ్ళెం అర్థం ఆ హాల్లో నాతో సమానంగా తెలిసిన మనిషి అక్క ఒక్కతే. బీడాల వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. చెంగు ఒళ్ళోకి లాక్కొని, అలాగే కూర్చుంది. నేను పళ్ళెం పట్టుకొని నిలబడే ఉన్నాను.